సుగుణను గీసిన ఆదివారాలు

"మేడమ్, ఏ ట్యాబ్లెట్ కొనమంటారు?"

నాకు ఫోను చేసే పిల్లలందరూ మొదట అడిగేది ఇదే. పని మానేసి ఇంట్లో కూర్చున్నా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. వెబ్ కామిక్స్ గీయాలంటే ఫలానా పెన్ను ఉండాలి, ఫలానా కోర్సు చెయ్యాలి అని వాళ్ళ చెవిలో ఎవరు ఊదారో తెలీదు. కొనండి నాయనా, ఏది దొరికితే అది కొనండి. ఈ రోజుల్లో నోటితో చెబితే గీసిపెట్టే మిషన్లు కూడా వచ్చాయి. బొమ్మ రావడం ఇప్పుడు పెద్ద పని కాదు.

ఎప్పుడో ఒకరు మాత్రం వేరే ప్రశ్న వేస్తారు. "మీ సుగుణ మా పక్కింట్లో ఉన్నట్టే ఉంటుంది, అలాంటి పాత్రను ఎలా పట్టుకున్నారు?" అని. దానికి ఫోనులో జవాబు చెప్పడం నా వల్ల కాదు. సుగుణ ఎలా పుట్టిందో, ఎలా ఎదిగిందో, చివరికి నా చేతిలోంచి ఎలా వెళ్ళిపోయిందో చెప్పాలంటే ఇంకో మనిషి సంగతి చెప్పాలి. ఆ మనిషి "రాసుకో అక్కా, నాకేం సిగ్గా" అంది కాబట్టి రాస్తున్నాను. అవార్డులు, సన్మానాలు ఇందులో ఉండవు. వాటివల్ల నేనేమీ నేర్చుకోలేదు.

పురసవాక్కం మొహాలు

మాది చూలై, ఈ తమిళ మహానగరంలో ఒక పాత పేట. మా పెద్దలు ఏ కాలంలోనో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ టోకు వ్యాపారాల్లో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నేను తెలుగు బడిలో చదివాను కాబట్టి నాకు రాయడం, చదవడం వచ్చు. నా తర్వాత పుట్టినవాళ్ళకి తెలుగు నోటి వరకే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

నా మొదటి ఉద్యోగం పక్కనే ఉన్న పురసవాక్కంలో ఒక చిన్న ప్రకటనల స్టూడియోలో. బట్టల కొట్లకు పేపరు ప్రకటనలు, క్యాలెండర్లు గీసేవాళ్ళం. యజమాని శేషాద్రి గారు. గీత విషయంలో రాక్షసుడు. చీర కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ లెక్కగా పడాలి, జరీ మెరవాలి, కొంగు గాలికి ఎగరాలి. మొహం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు ఒక్కటే మొహం. పెళ్ళికూతురికీ అదే, తల్లికీ అదే. తల్లికి చెవి దగ్గర రెండు తెల్ల గీతలు అదనం, అంతే.

ఒకసారి ఒక కొట్టు యజమాని నా బొమ్మ వెనక్కి పంపించాడు. కారణం ఏమిటంటే, "ఈ అమ్మాయి ఏదో ఆలోచిస్తా ఉండాది. చూసేవాళ్ళకి చీర మీద ధ్యాస పోతాది." నేను పట్టుచీర కట్టుకున్న పిల్లని గీస్తూ గీస్తూ చూపును కాస్త పక్కకి తిప్పాను, అదీ నేను చేసిన నేరం. శేషాద్రి గారు నా చేతిలోంచి బొమ్మ లాక్కుని కళ్ళు చెరిపేసి తన పద్ధతిలో గీసి పంపించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు.

వెళ్ళేటప్పుడు ఆయనే అన్నారు. "కోపం తెచ్చుకోకమ్మా. ఆలోచించే ఆడదాన్ని కొనుక్కోవడానికి మన దగ్గరికి ఎవరూ రారు."

ఆయన చెడ్డవాడు కాదు. నా చేతిని తీర్చిదిద్దింది ఆయనే. కానీ ఆయన దగ్గర చాలాకాలం ఉండటంవల్ల నా చేతికి ఒక జబ్బు పట్టింది. పెన్సిలు పట్టుకుంటే చాలు, లోపల ఎవరూ లేని మొహం దానంతట అదే వచ్చేసేది. ఇప్పుడు మిషను గీసే మొహాలు చూస్తే నాకు శేషాద్రి గారే గుర్తొస్తారు. అందం ఉంటుంది, లోపల మనిషి ఉండదు.

బొటనవేలి కింద కథ

స్టూడియో మూతపడ్డాక కొన్నాళ్ళు పిల్లల పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేశాను. ఆ తర్వాత ఫోనుల్లో బొమ్మల కథలు చూపించే ఒక కంపెనీ వాళ్ళు పిలిచారు. తెలుగులో ధారావాహిక కావాలన్నారు. ఆ విభాగం చూసే అబ్బాయి సిద్ధార్థ్, హైదరాబాదు నుంచి వచ్చినవాడు, నా వయసులో సగం. నన్ను "మేడమ్" అంటూనే చెవులు పిండగల మనిషి.

ఈ పనిలో నిజంగా కొత్తగా నేర్చుకోవలసింది ఒకటే. పుస్తకంలో పాఠకుడు పేజీ తిప్పుతాడు. ఫోనులో బొటనవేలితో పైకి తోస్తూ పోతాడు. రెండు బొమ్మల మధ్య మనం ఎంత ఖాళీ వదిలితే అతనికి అంతసేపు గడుస్తుంది. తగాదా అయితే బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు దగ్గరగా పెట్టాలి. కబురు వినే ముందు ఖాళీ వదలాలి. వేలు తోస్తూనే ఉండాలి, ఏమీ రాకూడదు. కుర్రాళ్ళు ఆ ఖాళీ చూసి భయపడి పూలు, మేఘాలు వేసి నింపేస్తారు. అక్కడ ఏమీ వెయ్యకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు బొమ్మ గీయడం కంటే కష్టంగా ఉండేది.

కథ ఏం పెట్టాలి? నాకు తెలిసింది చూలై. మా చిన్నాన్న కొట్టులో దర్జీలకు గుండీలు, దారాలు, జిప్పులు టోకుగా అమ్మేవాళ్ళు. అలాంటి కొట్టు ఒకటి పెట్టి, దాన్ని నడిపే పెళ్ళికాని నడివయసు మనిషిని అందులో కూర్చోబెట్టి, సుగుణ అని పేరు పెట్టాను. మొదటి బొమ్మలు చూసి సిద్ధార్థ్ మురిసిపోయాడు. నాకు మాత్రం ఆ బొమ్మల్లో ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియలేదు.

కస్తూరి కూర్చుంది

ఆ చిన్నాన్న కూతురు కస్తూరి. నాకు చెల్లెలు. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి ఆ గుండీల కొట్టు నడిపేది ఆమే. పెళ్ళి చేసుకోలేదు. అన్న మోహన్, వదిన, వాళ్ళ పిల్లలతోనే ఉండేది. ఆదివారం కొట్టు మూసి ఉంటుంది కదా, మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంటికి వచ్చి కాసేపు కూర్చునేది.

ఒక ఆదివారం నా భుజం మీంచి తొంగి చూసింది.

"ఎవురక్కా ఈమె?"

"సుగుణ. మీ కొట్టులాంటిదే నడుపుతుంది."

"ఈమా?" ఫక్కున నవ్వింది. "కొట్లో కూర్చున్నట్టు లేదే! కల్యాణానికి వచ్చి ఫోటోకి నిలబడినట్టుండాది."

తేడా ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. అది పురసవాక్కం మొహం. "అయితే ఎట్లా కూర్చోవాలో నువ్వే కూర్చో" అన్నాను. ఊరికే అన్నాను గాని, ఆమె వంటింటి స్టూలు లాక్కొచ్చి నిజంగానే కూర్చుంది. ఒక కాలు మడిచి పైన పెట్టి, ఒక చెయ్యి ఒళ్ళో పడేసి, మెడ వీధివైపు చాచి. నేను గబగబా గీశాను. చూసుకుని మూతి ముడిచింది.

"ముక్కు కొంచం చిన్నది చెయ్యక్కా. సుమ్మా అంత పెద్దది ఎందుకు?"

సుమ్మా అంటే తమిళంలో ఊరికే అని. ముక్కు చిన్నది చెయ్యలేదు. ఆ విషయంలో చాలా వారాలు అలిగింది. కానీ ప్రతి ఆదివారం వచ్చి కూర్చునేది. అలా మా పని పద్ధతి ఏర్పడింది. నేను ఒక సందర్భం చెబుతాను. "బేరం కుదరక ఒకడు గుండీల పెట్టె విసిరికొట్టాడు. సుగుణ ఏం చేస్తుంది?" కస్తూరి కాసేపు ఆలోచించి, "ఏమీ అనదు. వంగి ఏరుకుంటది. వాడు పొయినాక ఏడస్తది. లే, ఏడవదు. వక్క నమలతది" అనేది. నేను అది గీసేదాన్ని.

కస్తూరికి తెలుగు చదవడం రాదు, తమిళమే. నేను రాసిన మాటలు ఆమెకు కనిపించవు. మొహాలు, చేతులు మాత్రమే చూసి "ఇది అబద్ధం", "ఇది సరి" అనేది. మాటల బుడగ పెట్టి గట్టెక్కే వీలు నాకు లేకుండా పోయింది. అంతకంటే మంచి పరీక్ష ఇంకెక్కడా దొరకలేదు నాకు. కొత్తగా వచ్చేవాళ్ళకు చెబుతున్నాను, మీ ఎపిసోడు మాటలన్నీ తీసేసి ఇంట్లోవాళ్ళకి చూపించండి. ఏం జరుగుతోందో వాళ్ళు చెప్పలేకపోతే మళ్ళీ గీయండి.

ఆమెకి ఏం కావాలి

పాత్రను పెంచడం గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళు ఒక పెద్ద ప్రశ్నావళి చేతిలో పెడతారు. ఇష్టమైన రంగు ఏది, చిన్నప్పుడు తగిలిన దెబ్బ ఏది అంటూ. నేనూ నింపాను అలాంటివి. ఏ ఒక్కటీ పనికిరాలేదు. సుగుణ బాగానే నవ్వేది, బాగానే బేరమాడేది. ఎక్కడికీ కదిలేది కాదు. వారం వారం అదే కొట్టు, అవే గుండీలు.

ఒక ఆదివారం విసుగొచ్చి కస్తూరినే అడిగాను. "సుగుణకి ఏం కావాలే అసలు?"

మా ఇళ్ళల్లో పెళ్ళికాని ఆడపిల్ల "నాకు ఇది కావాలి" అనదు. ఎవరూ అనొద్దని చెప్పరు. చీర కొన్నప్పుడు అందరితోపాటు వస్తుంది, పండక్కి అందరితోపాటు వస్తుంది. అడగవలసిన అవసరమే రానివ్వరు. కస్తూరి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. కానీ నేను అడిగింది ఆమె గురించి కాదు కదా, సుగుణ గురించి. ఆ వెసులుబాటు దొరికేసరికి నోరు తెరిచింది.

"దానికి ఒక రూము కావాలక్కా. యాడన్నా ఒక చిన్న పోర్షను. తలుపేసుకోవాల."

"తలుపేసుకుని?"

"తలుపేసుకుని సుమ్మా కూర్చోవాల."

"ఎవరైనా ఉన్నారా ఏమిటే?" అన్నాను. ఆడదాన్ని, నాకూ ముందు ఆ బుద్ధే పుట్టింది.

"చీ, ఎవురూ లేరు. ఎవురూ ఉండకూడదనే గదా చెప్తాండేది!"

అప్పుడు నాకు వాళ్ళ ఇల్లు గుర్తొచ్చింది. కస్తూరి పడుకునేది హాల్లో. అందరూ టీవీ చూడటం అయ్యాక, పిల్లల చదువులు అయ్యాక చాప పరుచుకుంటుంది. పొద్దున పాలవాడు తలుపు కొట్టేలోగా చుట్టేస్తుంది. ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి వెళ్ళొస్తూ ఆ చాపను చూసి కూడా నేను ఏమీ అనుకోలేదు. అది ఆమె కష్టమని ఆమే ఎన్నడూ అనలేదు. ఇప్పుడు సుగుణ పేరు మీద అడుగుతోంది.

హీరో కావాలట

సిద్ధార్థ్‌కి చెబితే నోరెళ్ళబెట్టాడు.

"గదిల ఎవరుంటరు మేడమ్?"

"ఎవరూ ఉండరు. ఆమె ఉంటుంది."

"ఏం జేస్తది?"

"ఊరికే కూర్చుంటుంది."

"ఊరికే కూసుంటే ఎవరు చూస్తరు మేడమ్! రీడర్లందరు ఒక్కటే అడుగుతున్నరు. ఒక హీరోను పెట్టుండ్రి. దర్జీ అయినా పర్లేదు."

పెట్టనన్నాను. అతను ఊరుకోలేదు. ఒక డైలాగు రచయితతో సంభాషణ రాయించి పంపించాడు. "ఊరందరి చొక్కాలకీ గుండీలిచ్చాను, నా గుండెకి మాత్రం గుండీ దొరకలేదు" అట. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా మనిషి నోట్లో ఆ మాట పెడితే ఆదివారం కస్తూరికి మొహం ఎలా చూపించను? తీసి అవతల పారేశాను.

అతనిది పూర్తిగా తప్పు అని కూడా అనలేను. అతని పైన ఇంకెవరో ఉంటారు, వాళ్ళు అతన్ని పీక్కు తింటారు. కానీ ఒకటి చెబుతాను. పాఠకులు పాత్రకు ఏం కావాలని అడుగుతారో అది చాలాసార్లు వాళ్ళకు కావలసింది. వాళ్ళ మాట వినండి, మర్యాదగా జవాబు ఇవ్వండి, తర్వాత మీ మనిషి దగ్గరికి వెళ్ళి అడగండి.

మోహన్‌ని గీయడం

గది కావాలంటే సుగుణ అన్నని అడగాలి. ఆ ఎపిసోడు నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. అన్నని కళ్ళెర్రజేసి, మీసం అదిరిస్తూ, బల్ల గుద్దుతూ గీశాను. కస్తూరి చూసి ట్యాబ్లెట్ పక్కకి నెట్టేసింది. ఎన్నడూ లేనంత కోపం వచ్చింది ఆమెకి.

"మా అన్న అట్టాంటోడు కాదు. నన్ను ఒక్క మాట అన్నోడు కాదు. నువ్వు చూళ్ళేదా ఏంది?"

నిజమే. మోహన్ నెమ్మదైనవాడు. చెల్లెలికి జ్వరం వస్తే తన పని మానుకుని పక్కన కూర్చునే మనిషి. "మరి ఏం చేస్తాడు? సుగుణ ఎదురుగా నిలబడి గది కావాలంది. ఏమంటాడు?"

కస్తూరి కళ్ళు మూసుకుని చూస్తున్నట్టు ఉంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"తిన్నావా అంటాడు."

"ఆ?"

"తిన్నావా, ముందు తిను, తర్వాత మాట్లాడుకుందాం అంటాడు. వదిన కంచం పెడతది. ఇది తింటది. అన్న పోయి పడుకుంటాడు. అంతేనక్కా."

నేను పెన్ను కింద పెట్టేశాను. నా వృత్తిలో అంత నిజమైన ఎదురు మనిషిని నాకు ఎవరూ ఇవ్వలేదు. మీసాలు మెలేసే దుర్మార్గుడైతే ఎదిరించి బయటికి నడవొచ్చు. అన్నం పెట్టేవాడిని దాటి ఎట్లా నడవాలి? ఆమె ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మెదపలేదో నాకు ఆ పూట తెలిసింది.

అలాగే గీశాను. సుగుణ గుమ్మంలో నిలబడి అడుగుతుంది. అన్న "ముందు తిను" అంటాడు. తర్వాత పొడుగ్గా ఖాళీ. కంచం. అన్నం కలుపుతున్న చెయ్యి. మళ్ళీ ఖాళీ. కడిగి బోర్లించిన కంచం. పరిచిన చాప. ఒక్క మాట లేదు.

పాఠకులు విరుచుకుపడ్డారు. సిద్ధార్థ్ ఫోనులో చల్లగా, "మీరే చూసుకుండ్రి మేడమ్" అన్నాడు. ఆ ఆదివారం కస్తూరి కామెంట్లు చదవమంది. కొన్ని చదివాను, కొన్ని మింగేశాను.

"అన్నీ చదువక్కా. నువ్వు దాచిపెడతా ఉండావు, నాకు తెలస్తా ఉండాది."

చదివాను. పిరికిది అన్నారు. ఇలాంటివాళ్ళకి ఇలాగే కావాలి అన్నారు. కస్తూరి విని తల అడ్డంగా ఊపింది.

"పిరికిది కాదక్కా. ఆకలేసింది దానికి. పొద్దున్నుంచి కొట్లో నిలబడి వచ్చింది గదా. కంచం పెడితే ఎవురైనా తింటారు."

స్టూలు మీంచి లేస్తూ అంది. "ముందే తిని పోయుండాల అది, అన్న దగ్గరికి."

అప్పుడు నాకు అనుమానం రాలేదు. సుగుణ గురించే మాట్లాడుతోంది అనుకున్నాను.

తినేసి వెళ్ళింది

తర్వాతి ఆదివారం కస్తూరి మధ్యాహ్నం కాక సాయంత్రం వచ్చింది. "అన్నం ఉందా అక్కా?" అంది. ఎప్పుడూ అలా అడగదు. పెట్టాను. పప్పు, చారు, పెరుగు, మారు వడ్డించుకుని మరీ తిన్నది. చెయ్యి కడుక్కుని, "పొయ్యొస్తా" అని వెళ్ళిపోయింది. స్టూలు మీద కూర్చోనేలేదు.

ఏం జరిగిందో మర్నాడు ఆమే చెప్పింది. ఇంటికి వెళ్ళి అన్న ఎదురుగా నిలబడింది. హార్బరు వైపు తొండియార్‌పేటలో ఒక మేడ మీద ఒంటిగది పోర్షను చూసుకున్నానని, అక్కడ ఉంటానని, పొద్దున మామూలుగా కొట్టుకి వస్తానని చెప్పింది. మోహన్ అచ్చం ఆమె చెప్పినట్టే అన్నాడట. "తిన్నావా? ముందు తిను."

"తినేసొచ్చినా అన్నా. చెప్పేది విను."

ఇంతవరకూ మేము ఊహించిందే. ఆ తర్వాత జరిగింది మేమిద్దరం ఊహించలేదు. మోహన్ ఏడ్చాడు. అరవలేదు, కాదనలేదు. "నీకేం తక్కువ చేసినామే?" అని పిల్లల ముందే ఏడ్చాడు. వదిన కూడా ఏడ్చింది.

"నువ్వేమన్నావే?" అని అడిగాను.

"తక్కువేమీ లేదన్నా, అయినా నాకు కావాల అని చెప్పినా."

నా జీవితమంతా మాటలు రాసుకుంటూ బతికాను. ఆ మాట మాత్రం నేను రాయగలిగేదాన్ని కాను. కష్టం ఉంటేనే బయటికి వెళ్ళాలని, వెళ్ళడానికి ఒక అన్యాయం చూపించాలని పాఠకులూ నేనూ కూడా అనుకున్నాం. ఆమె ఎవరి మీదా నేరం మోపలేదు. తనకి కావాలంది, అంతే.

రెండ్రోజుల తర్వాత మోహన్ మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే, "అక్కా, బొమ్మల్లో నేర్పించి పంపినావా?" అన్నాడు.

"నేను నేర్పలేదురా. నేనే దాని దగ్గర నేర్చుకున్నా."

"ఆ బొమ్మలో ఉండేది నేనే అని వీధంతా చెప్తా ఉండారు. చూసినా. నేను దానికి అన్నం పెట్టింది తప్పా అక్కా?"

తప్పు కాదన్నాను. కుర్చీ జరిపి కాఫీ కలిపి ఇచ్చాను. ఇద్దరం కూర్చుని కాఫీ తాగాం. వెళ్తూ వెళ్తూ, "ఆడ నీళ్ళ వసతి ఎట్టుండాదో ఏమో" అని గొణుక్కున్నాడు. పెట్టె మోసుకెళ్ళి ఆమె గుమ్మం దాకా చేర్చింది అతనే. బయటి నుంచే తలుపు గడియ నాలుగుసార్లు లాగి చూసి, గట్టిగానే ఉందని చెప్పి దిగి వచ్చేశాడట.

తొండియార్‌పేట

కొన్నాళ్ళాగి నేను చూడటానికి వెళ్ళాను. సంచిలో ట్యాబ్లెట్ కూడా పెట్టుకున్నాను. అబద్ధం ఎందుకు, ఆ గది గీయాలని ప్రాణం కొట్టుకుపోతోంది. ఇన్నాళ్ళ కథ అంతా ఆ గది కోసమే కదా.

మెట్లెక్కి తలుపు తట్టాను. కస్తూరి తలుపు కొంచెం తెరిచి, నన్ను చూసి మొహమంతా నవ్వింది. బయటికి వచ్చి, వెనక తలుపు దగ్గరగా లాగేసింది.

"వచ్చినావా అక్కా! రా, కింద టీకొట్టు ఉండాది, బాగుంటది."

టీ తాగుతూ చాలా కబుర్లు చెప్పింది. కింద వాటాలో ఆడవాళ్ళు తమిళంలో ఎట్లా దెప్పుతారో, ఓడ కూతలు ఎట్లా వినిపిస్తాయో. గది గురించి ఒక్క మాట లేదు. చివరికి నా మొహం చూసి తనే అడిగింది.

"లోపలికి పిలవలేదని కోపమా?"

"కోపమేముందే" అన్నాను. కోపమే.

"ఇంకా ఎవురినీ పిలవలేదక్కా. అన్నని కూడా. కొంచం దినాలు పోనీ." ఆగి, నా సంచి వైపు చూసింది. "ఈడ మాత్రం బొమ్మ ఎయ్యొద్దక్కా."

బస్సులో కూర్చుని ఏడ్చాను. మొదట అవమానంతోనే ఏడ్చాను. నా చెల్లెలు నన్ను గుమ్మంలోనే నిలబెట్టిందే అని. ఇంటికి చేరేలోగా కొంచెం కొంచెంగా బుద్ధి వచ్చింది. ఆమె కూర్చునే తీరు గీశాను, నవ్వు గీశాను, ఆకలి గీశాను, అన్నని గీశాను, చివరికి చాప కూడా గీసేశాను. అడిగినదల్లా ఇచ్చింది. ఇవ్వకుండా దాచుకోవడానికి ఆమెకి ఒక్కటి కావాలి కదా. నేను సుగుణను పెంచాను అని అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళు. ఆ పెంపకం ఎక్కడ ఆపాలో మాత్రం నాకు ఆమే చెప్పవలసి వచ్చింది.

మీరు కూడా ఎవరో ఒకరిని చూసే గీస్తారు. మొత్తం ఊహించి గీశాననేవాళ్ళని నేను నమ్మను. ఆ మనిషి ఎప్పుడో ఒకప్పుడు చాలు అంటారు. నోటితో అనకపోయినా అంటారు. అప్పుడు పెన్ను పక్కన పెట్టెయ్యాలి. ఎంత గొప్ప ఎపిసోడు పోయినా సరే.

నేను సిద్ధార్థ్‌కి కథ అయిపోయిందని చెప్పాను. "అసలు కథ ఇప్పుడే మొదలైతది గద మేడమ్! కొత్త ఇల్లు, కొత్త జీవితం!" అన్నాడు. గీయనన్నాను. ఒప్పందం ప్రకారం సుగుణ కంపెనీది, నాది కాదు. సంతకం పెట్టిన రోజు నాకు ఆ సంగతి తెలుసు, దానికి ఇప్పుడు ఏడ్చి లాభం లేదు. అయినా బాధ వేసింది. కన్నపిల్లని ఇంకొకరి చేతిలో పెట్టినంత బాధ వేసింది. కస్తూరి మాత్రం, "ఆమె ఎవురో ఇంకొకామె అయిపోతది, పోనీలే అక్కా" అని తేలిగ్గా అనేసింది.

మొన్న ఒక అమ్మాయి ఫోను చేసింది. లావణ్య అట, వైజాగ్ నుంచి. సుగుణను ఇకమీదట గీయబోయేది తనే. భయంభయంగా మాట్లాడింది, మంచి పిల్లలా ఉంది.

"సుగుణ గారు కొత్తింట్లోకి వెళ్ళే ఎపిసోడ్ నాకిచ్చారండీ. ఆ గది లోపల ఎలా ఉంటుందండీ? కిటికీ ఎటువైపు పెట్టమంటారు? మంచం వేసుకుంటారా, చాపేనా? మీరైతే చూసే ఉంటారు కదండీ."

"లేదమ్మా. నేను లోపలికి వెళ్ళలేదు."

పాపం, నేను పొగరుగా మాట్లాడుతున్నానని అనుకుని ఉంటుంది.

"మరి నన్నేం గియ్యమంటారండీ?"

"తలుపు గియ్యమ్మా" అన్నాను. "మూసి ఉన్న తలుపు, బయట నుంచి. లోపల ఆమె ఊరికే కూర్చుని ఉంది."